ఛోటా భీమ్ సినిమా: మెచ్చదగినవి, నొచ్చుకోదగినవి

వేసవి సెలవులలో మా అమ్మాయి పిల్లలు ఖమ్మం నుంచి గార్లకు వచ్చారంటే ఆ నెల రోజులూ టీవీ రిమోటు నా చేతికి అందదు. మనుమడికి తొమ్మిదేళ్లు, మనుమరాలికి ఏడేళ్లు. పొద్దున్నే చాయ్‌లో బిస్కెట్టు ముంచుకొంటూ టీవీ ముందు కూర్చుంటారు. ఎండ చల్లబడి పాకాల ఏటి వైపు ఆటకు పోయేదాకా కదలరు. వారు చూసేది ఎక్కువగా ‘ఛోటా భీమ్’. అందులోనూ ‘ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్’ అనే సినిమా వస్తున్నదంటే ఇల్లంతా పండుగే. ఎన్నిసార్లు చూశారో వారికే లెక్క తెలియదు. సంభాషణలన్నీ ముందే అప్పజెబుతారు. దమ్యాన్ తెర మీదికి రాబోయే సమయానికి చిన్నది వచ్చి నా కొంగు పట్టుకొంటుంది. వాడు వచ్చాక కొంగు వదిలేసి తెరకు మరింత దగ్గరగా జరుగుతుంది.

మా గోడ అవతలి ఇంట్లో పదేళ్ల పిల్లవాడొకడున్నాడు. కాస్త బొద్దుగా, నల్లగా ఉంటాడు. మా పిల్లలు వచ్చిన మొదటి వారం వాడు సాయంత్రమైతే మా వాకిట్లోనే ఉన్నాడు. రెండవ వారం కనిపించలేదు. జ్వరమేమో అనుకొన్నాను. ఒకనాడు బట్టలు ఆరవేస్తుంటే వాళ్లమ్మ గోడ మీదుగా పిలిచింది. “టీచరమ్మా, మావోడు బయటికే రానంటున్నడు. తెల్లగయ్యే సబ్బు కొనియ్యమని ఒకటే ఏడుపు. మీ పిల్లలు వాణ్ని కాలియా అంటున్నరంట” అన్నది. కోపంతో అనలేదు. ఎట్లా చెప్పాలో తెలియక, నవ్వుతూ అన్నది. అందుకే ఆ మాట నన్ను ఎక్కువగా బాధించింది.

నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఈ నేరాన్ని తీసుకుపోయి ఒక బొమ్మల కథ నెత్తిన పెట్టే ఉద్దేశం నాకు లేదు. మన ఊళ్లకు టీవీ రాకముందే నల్లోడు, బోండాం, గుండు, కుంటోడు అనే పేర్లు ప్రతి తరగతి గదిలోనూ ఉన్నాయి. నా తరగతిలోనూ ఉన్నాయి. వాటిని విని విననట్లు ఊరుకున్న రోజులు నాకూ ఉన్నాయి. తప్పు మా పిల్లలది, వారికి సమయానికి చెప్పని పెద్దలది. అయినా పిల్లలకు అంతగా నచ్చిన ఆ సినిమాలో ఏమున్నదో, వారు దానినుంచి ఏమి తీసుకొంటున్నారో తెలుసుకోవాలనిపించింది. అప్పటివరకు వంటింట్లోకి వస్తూ పోతూ ముక్కలు ముక్కలుగా చూసిన చిత్రాన్ని ఆ సాయంత్రం మొదటినుంచి చివరిదాకా వారి మధ్య కూర్చొని చూశాను. మరునాడు మళ్లీ చూశాను.

ముందుగా దీని పుట్టుపూర్వోత్తరాలు నాలుగు మాటలలో చెప్పుకొందాం. ఛోటా భీమ్ ఎక్కడో ముంబయిలో తయారయ్యే సరుకని మనలో చాలామంది అనుకొంటారు. కాదు. అది హైదరాబాదు బిడ్డ. రాజీవ్ చిలక అనే తెలుగువారు 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థ తయారు చేసిన ఛోటా భీమ్ ధారావాహిక 2008 ఏప్రిల్‌లో పోగో చానెల్‌లో మొదలైంది. అంతకు ముందు మన పిల్లల కార్టూను లోకం చాలావరకు పరాయిదే. అమెరికా పిల్లీ ఎలుకా, ఆ తరువాత జపాను డోరేమాన్, షిన్‌చాన్. ధోవతి కట్టుకొని, మట్టి వీధుల్లో పరుగెత్తి, మామిడి చెట్టెక్కే పిల్లవాడు తెర మీద కనిపించడమే అప్పట్లో కొత్త. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ఆదరణ చూసి, 2012 మే 18న మొదటిసారిగా సినిమా హాళ్లలో విడుదలయ్యే చిత్రాన్ని తీశారు. దర్శకుడు కూడా రాజీవ్ చిలకే. ఆ తరువాత 2013లో ‘థ్రోన్ ఆఫ్ బాలి’, 2019లో ‘కుంగ్‌ఫూ ధమాకా’ వచ్చాయి. మొదటి చిత్రంలోని దమ్యాన్ కథనే 2024లో బొమ్మలు లేకుండా, నటీనటులతో మళ్లీ తీశారు. అందులో అనుపమ్ ఖేర్ వంటి పెద్ద నటుడున్నా మా పిల్లలకు మాత్రం బొమ్మలదే అసలు సినిమా.

భీమ్ అనే పేరు చూసి ఇది పురాణ కథ అని కొన్ని ఇళ్లలో ముందే చానెల్ మార్చేస్తారు. పేరు అక్కడిదే గానీ కథ అక్కడిది కాదు. ఢోలక్‌పూర్ అనే ఊహాలోకపు ఊళ్లో ఒక బలశాలి పిల్లవాడు, వాడి నేస్తాలు చుట్కీ, రాజు, మాట్లాడే కోతి జగ్గు, వారితో ఎప్పుడూ పోటీకి దిగే కాలియా, కాలియా వెంట తిరిగే కవలలు ఢోలు, భోలు, ఊరి రాజు ఇంద్రవర్మ. ఇంతే పరివారం. ఇక బొమ్మలే చూడవచ్చునా అన్న చర్చ వేరు. హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకొనేవారన్న హదీసును బట్టి పిల్లల ఆటవస్తువుల విషయంలో చాలామంది ఉలమాలు వెసులుబాటు ఇచ్చారు. ఆ చర్చను పండితులకు వదిలి, చిత్రం సంగతికి వస్తాను.

సోనాపూర్ అనే బంగారు నగరం. దాని ప్రభువు దమ్యాన్ అనే దుష్టుడు. ఒక మాంత్రిక గ్రంథం బలంతో వాడు చావు లేకుండా చేసుకొంటాడు. అయితే శాపం తగిలి, ఆ నగరం విడిచి బయటికి రాలేక, వెయ్యేళ్లుగా బందీగా పడి ఉంటాడు. నగరం ఎడారి ఇసుకలో కూరుకుపోతుంది. బయటపడాలంటే ఎవరో ఒకరు అక్కడిదాకా రావాలి. మనుషులను రప్పించే మార్గం వాడికి బాగా తెలుసు. సోనాపూర్‌లో అంతులేని నిధి ఉన్నదన్న మాట లోకంలోకి వదులుతాడు. ఆ మాట ఢోలక్‌పూర్ రాజు చెవిన పడుతుంది. రాజు పరివారంతో బయలుదేరుతాడు, వెంట భీమ్, నేస్తాలు. నిధి కోసం వెళ్లినవారు తెలియకుండానే దమ్యాన్‌ను విడిపిస్తారు. చావు లేనివాణ్ని చంపడం ఎట్లా? వాడు చావు లేనివాడు కాకముందటి కాలానికి పోవాలి. పిల్లలు వెయ్యేళ్లు వెనక్కి ప్రయాణం చేస్తారు.

కథ ఎత్తుగడ నాకు నిజంగా నచ్చింది. ధారావాహికలో భీమ్ కథ సాధారణంగా పది పన్నెండు నిమిషాలలో ముగుస్తుంది. ఊరికి ఒక ఆపద వస్తుంది, భీమ్ లడ్డూ తింటాడు, పిడికిలి బిగిస్తాడు, ఆపద తీరుతుంది. అక్కడ ఆలోచనకు చోటు తక్కువ. సినిమాలో మాత్రం రచయితలు తమ కథానాయకుడి బలాన్నే పక్కకు పెట్టవలసిన చిక్కును కల్పించారు. ఎంత బలంగా కొట్టినా చావని శత్రువు ఎదురైనప్పుడు పిడికిలి పనికిరాదు. చెడు ఎక్కడ మొదలైందో అక్కడికి పోయి దాన్ని మొదట్లోనే ఆపాలన్న ఆలోచన పిల్లల చిత్రానికి చిన్నది కాదు. మా మనుమడు దాన్ని ఎంత బాగా పట్టుకొన్నాడంటే, “నానీ, దొంగ వచ్చాక కొట్టడం కాదు, దొంగ కాకముందే ఆపాలి. అంతే కదా” అన్నాడు. ముప్పై ఏళ్ల పాఠాలలో నేను ఇంత సూటిగా చెప్పిన గుర్తు లేదు.

రెండవ బలం, చెడ్డవాడి కోరిక. పిల్లల కథలలో దుష్టులు ఊరికే దుష్టులుగా ఉంటారు. ఎందుకు ఊళ్లు తగలబెడతారో వారికే తెలియదు. దమ్యాన్‌కు ఒక కారణమున్నది. వాడికి చావంటే భయం. చావును తప్పించుకోవాలన్న ఆ ఆశే వాణ్ని ఇసుక కింద చెరసాలలో వేసింది. వెయ్యేళ్లు బతికాడు, కానీ వాకిలి దాటలేదు. మా చిన్నది ఆ రాత్రి పడుకొనే ముందు “నానీ, చావు రాకుంటే మంచిదే కదా, వాడెందుకు ఏడుస్తున్నట్టు ఉన్నాడు?” అని అడిగింది. ప్రతి ప్రాణీ మరణాన్ని చవి చూడవలసిందేనని మన ఇళ్లలో పిల్లలు వింటూనే పెరుగుతారు. కానీ అది వారికి జనాజా నాడు వినబడే మాట. చావు లేకపోవడం కూడా ఒక శిక్ష కావచ్చునన్న ఊహను ఒక బొమ్మల సినిమా వారి ముందు పెట్టింది. ఏడేళ్ల పిల్లకు నేను జవాబు చెప్పలేక, “అందరూ వెళ్లిపోయి నువ్వొక్కదానివే ఉంటే బాగుంటుందా?” అన్నాను. కాసేపు ఆలోచించి, “నువ్వు కూడా ఉండవా?” అన్నది. ఆ తరువాత దీపం ఆర్పలేదు, ఆర్పనీయలేదు.

ఇసుకలో కూరుకుపోయిన బంగారు నగరాన్ని చూడగానే మన పిల్లలకు ఇంకొకటి గుర్తుకు రావాలి. మా మనుమడికి వచ్చింది కూడా. “ఖారూన్ లాగా!” అన్నాడు. ఖసస్ సూరాలో వచ్చే ఖారూన్ తన ఖజానా తాళపుచేతుల బరువు చూసుకొని మురిసినవాడు, తన ఇంటితో సహా భూమిలోకి దిగబడినవాడు. చిత్రం తీసినవారికి ఆ వృత్తాంతం తెలిసి ఉండకపోవచ్చు. అయినా బంగారం ఉన్నచోట నేల దిగబడుతుందన్న భయం మనుషులందరిదీ కాబోలు. తెలిసిన కథ తెర మీద వేరే వేషంలో కనబడినప్పుడు పిల్లల కళ్లలో వచ్చే మెరుపును చూడడం ఒక ఆనందం. టీవీ కట్టేసి సూరా వినిపిస్తే వచ్చేదో లేదో గానీ, పక్కన కూర్చొని చూసినందుకు ఆ మెరుపు నా కంటబడింది.

ఇక్కడినుంచే నా అసంతృప్తీ మొదలవుతుంది. దమ్యాన్ ఎట్లా విడుదలయ్యాడు? రాజు దురాశ వల్ల. ఢోలక్‌పూర్‌లో కరువు లేదు, దాడి లేదు. అయినా రాజు నిధి మాట విని ఎడారి దాటాడు. కథ మొత్తానికి వేరు అక్కడున్నది. కానీ దమ్యాన్ దుర్మార్గం పెద్దదై తెర నిండగానే రాజు ఆశ చిన్నదై మరుగున పడిపోతుంది. శత్రువు చేసిన చెడు కొండంతగానూ మనవాడు చేసిన పొరపాటు గోరంతగానూ కనబడే అలవాటు సినిమాలకే కాదు, మన ఇళ్లకూ ఉన్నది. పిల్లలను అడిగి చూడండి, “దమ్యాన్‌ను వదిలింది ఎవరు?” అని. మా మనుమడు రెండు నిమిషాలు తడుముకొన్నాడు. పదిసార్లు చూసిన సినిమా! కథకులు ఆ ప్రశ్నను గట్టిగా అడిగి ఉంటే వాడు తడుముకొనేవాడు కాదు.

చిత్రలేఖనం విషయంలో మిశ్రమంగా చెప్పవలసి ఉన్నది. ఎడారి, రాత్రి ఆకాశం, బంగారు కట్టడాలు, చీకటి సొరంగాలు టీవీ కథల నేపథ్యాల కన్నా శ్రద్ధగా, లోతుగా కనబడతాయి. రంగులతో కాలాన్ని వేరు చేసి చూపించడం బాగున్నది. కానీ ఆ అందమైన నేపథ్యం ముందు నడిచే మనుషులు మాత్రం టీవీ మనుషులే. ఎందుకో అర్థం కావాలంటే మన తోలుబొమ్మలాటను తలచుకోండి. తోలుబొమ్మకు తల, చేతులు, కాళ్లు వేరువేరుగా కోసి కీళ్ల దగ్గర కుడతారు. ప్రతి కదలికకు కొత్త బొమ్మ చేయరు, ఉన్న బొమ్మ కీళ్లనే కదిలిస్తారు. వారం వారం కథ అందించవలసిన టీవీ ధారావాహికలలో కంప్యూటరు మీద సాధారణంగా జరిగేదీ ఇటువంటిదే. సినిమాకు సెకనుకు 24 చిత్రాలు తెర మీద పడతాయి. వాటన్నిటినీ కొత్తగా గీయడానికి ఏళ్లు, కోట్లు కావాలి. కాబట్టి అవే కాళ్లు, అదే నడక, మాట్లాడేటప్పుడు కదిలేది పెదవులే. చిన్న తెర మీద, చిన్న కథలో ఇది తెలియదు. దాదాపు గంటన్నర సేపు చూసినప్పుడు, అందులోనూ భయం, దుఃఖం చూపవలసిన చోట, ముఖం చాలదు. నేస్తం ఆపదలో ఉన్నప్పుడు చుట్కీ కళ్లు, లడ్డూలు పంచేటప్పటి చుట్కీ కళ్లు దాదాపు ఒకటే.

సాగదీత కూడా ఉన్నది. పది నిమిషాల కథకు అలవాటైన చెయ్యి గంటన్నర కథ చెప్పవలసి వచ్చినప్పుడు మధ్యలో పాటలు, కోతి చేష్టలు, కొట్లాటలు పేర్చింది. పిల్లలకు అవి విసుగు పుట్టించవు, నాకు పుట్టించాయి. టీవీలో మధ్యమధ్య ప్రకటనలు కూడా వస్తాయి గనుక ఏది సినిమానో ఏది బిస్కెట్ల ప్రకటననో ఒకోసారి గుర్తు పట్టలేకపోయాను. రెంటిలోనూ అదే భీమ్ కనబడితే నా తప్పేమిటి? అంగడికి పోతే బడి సంచి మీద, నీళ్ల సీసా మీద, రబ్బరు చెప్పుల మీద కూడా వాడే.

చుట్కీ గురించి ఒక మాట. ఆమె తల్లి టున్‌టున్ మౌసీ లడ్డూలు చేస్తుంది, చుట్కీ తెచ్చి ఇస్తుంది, భీమ్ తిని బలవంతుడవుతాడు. మా చిన్నది ఈ మధ్య వాళ్ల ఖాలాను కూడా మౌసీ అని పిలిచి తిట్లు తిన్నది. అదటుంచండి. “చుట్కీ లడ్డూ తింటే ఆమెకూ బలం వస్తుందా?” అని అదే పిల్ల అడిగింది. సినిమాలో చుట్కీ కూడా ప్రమాదంలోకి నడుస్తుంది, వెనుకంజ వేయదు. టీవీ కథల కన్నా ఇది మేలు. అయినా కథను ముందుకు నడిపే నిర్ణయాలు ఆమె చేతిలో కొన్నైనా ఉండవలసిందని, ఆడపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని గనుక, నాకు అనిపించింది. లడ్డూ సంగతి మాత్రం మా ఇంట్లో ఒక మేలు చేసింది. కిందటి రమజానులో మొట్టమొదటి రోజా ఉన్న మనుమడు ఇఫ్తారుకు ఖర్జూరం తరువాత లడ్డూయే కావాలన్నాడు. తరావీహ్ అంతా నిలబడే బలం కావాలట. నాలుగు రకాతులకే నా ఒళ్లో నిద్రపోయాడు.

ఇప్పుడు కాలియా. ధారావాహికలో అతను భీమ్ మీద అసూయతో రగిలే పిల్లవాడు. బొద్దుగా ఉంటాడు, తిండిపోతు, దొంగతనంగా లడ్డూలు తింటాడు, చివరికి దెబ్బలు తిని నవ్వులపాలవుతాడు. ఆ పేరులోనే నలుపు ఉన్నది. ఇది తలచి చేసినది అనను. మన దేశంలో దుష్టుడికి, వెక్కిరింతకు రంగు పూయవలసి వస్తే కుంచె దానంతట అదే నలుపు వైపు పోతుంది. తెలుగు సినిమాల హాస్యమంతా చూడండి. కానీ సినిమా అనేది ధారావాహికకు దొరికిన ఒక పెద్ద అవకాశం. రోజువారీ కథలలో మారని మనిషిని అక్కడ మార్చి చూపవచ్చు. జపానువారు ఆ పని చేశారు. డోరేమాన్ సినిమాలు 1980 నుంచి వస్తున్నాయి. టీవీలో నొబితాను కొట్టి ఏడిపించే జియాన్, సినిమాకు వచ్చేసరికి ప్రాణానికి ప్రాణమిచ్చే నేస్తమవుతాడు. సినిమా జియాన్ వేరు, టీవీ జియాన్ వేరు అని జపాను ప్రేక్షకులు ముచ్చటగా చెప్పుకొనేంతగా అది పేరుబడ్డది. అదే జియాన్, అదే లావు శరీరం, అదే మొరటు గొంతు. కష్టకాలం వచ్చినప్పుడు వాడిలోని మంచి బయటపడుతుంది. అది చూసిన పిల్లవాడు తన తరగతిలోని మొరటువాణ్ని రేపు మరో కంటితో చూసే అవకాశమున్నది.

దమ్యాన్ చిత్రంలో కాలియా కూడా ఎడారి దాటుతాడు, ప్రయాణంలో భీమ్ వెంటే ఉంటాడు. ఆపద అందరిదీ. అతడికి ఒక్క గొప్ప క్షణం ఇవ్వడానికి ఇంతకు మించిన చోటు ఎక్కడ దొరుకుతుంది? అయినా అతని పని ముఖ్యంగా భయపడడం, పడిపోవడం, మనల్ని నవ్వించడం. దమ్యాన్‌ను ఆపడానికి వెయ్యేళ్లు వెనక్కి పోయిన కథ, కాలియా కోసం ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. అతను అట్లా ఎందుకయ్యాడు, అతణ్ని ఆ పేరుతో మొదట పిలిచింది ఎవరు, అతని ఇంట్లో ఏమంటారు, ఏదీ తెలియదు. ఈ చిత్రంలో నాకు కనబడిన లోపాలన్నిటిలో పెద్దది ఇదే. బొమ్మల కదలిక డబ్బుతో బాగుపడుతుంది. కొన్నేళ్ల తరువాత వచ్చిన కుంగ్‌ఫూ ధమాకాను త్రీడీలో తీశారు కూడా. ఈ లోపానికి కావలసింది డబ్బు కాదు.

రెండవసారి చూడడం అయ్యాక టీవీ కట్టేసి పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకొన్నాను. తిట్టలేదు. హుజురాత్ సూరాలో ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దని ఉన్న ఆజ్ఞను వారు మదర్సాలో విన్నవారే. అర్థం కూడా చెప్పగలరు. “మరి పక్కింటి వాణ్ని కాలియా అని ఎవరన్నారు?” అని అడిగాను. మనుమడు తలవంచుకొన్నాడు. “అది తిట్టు కాదు నానీ, ఆట. నేను భీమ్, చెల్లి చుట్కీ, వాడు కాలియా. ఎవరో ఒకరు కాలియా కావాలి కదా” అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నిజమే. కథలో పాత్రలు అన్నే ఉన్నాయి. లావుగా ఉన్నవాడికి, నల్లగా ఉన్నవాడికి అందులో ఒక్కటే చోటుంది. పిల్లలు దుర్మార్గులై ఆ పేరు పెట్టలేదు. వారికి ఇచ్చిన అచ్చులో పోసి చూశారు, ఆ పిల్లవాడు ఒకే చోట సరిపోయాడు. కాసేపటికి మనుమడే “దమ్యాన్ దగ్గరికి పోయినట్టు నేను కూడా వెనక్కి పోతే ఆ మాట అనకుండా ఉండేవాణ్ని” అన్నాడు. వెయ్యేళ్లు కాదు, వారం రోజులు కూడా ఎవరం వెనక్కి పోలేమని, గోడ దాకా పోగలమని చెప్పాను. పోయాడు. చెల్లెలు కూడా వెంట పోయింది. అక్కడ ఏమి మాట్లాడుకొన్నారో నేను వినలేదు, అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి. ఆ రోజూ, మరునాడూ ఆ పిల్లవాడు రాలేదు.

తల్లులు కొందరు నన్ను అడుగుతుంటారు, ఈ సినిమా చూపించవచ్చునా టీచరమ్మా అని. చూపించవచ్చు. హింస ఉన్నది గానీ రక్తం లేదు. మంత్రతంత్రాలున్నాయి. అవి కల్పనేనని, మంత్రాన్ని నమ్ముకొన్న దమ్యాన్ గతి ఏమయ్యిందో చూడమని పక్కన కూర్చొని చెప్పగలిగితే పిల్లలు మనకన్నా త్వరగా గ్రహిస్తారు. చూపించి వంటింట్లోకి పోవడం మాత్రం పనికిరాదు. ఇన్నేళ్లుగా నేను చేసింది అదే. పిల్లల కోసం తీసిన సినిమాను పిల్లలకు వదిలేసి కందిపప్పు ఏరుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. ఆ గంటన్నరలో వారు అడిగే ప్రశ్నలు మరో గంటకు గుర్తుండవు. చావు లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్నను మా చిన్నది మళ్లీ అడగలేదు. ఆనాడు నేను పక్కన లేకపోతే అది ఏ గోడకు తగిలి పోయేదో.

మూడవనాటి సాయంత్రం పాకాల ఏటి వైపు పోయాము. వేసవిలో ఏరు సన్నగిలి ఇసుక బయటపడుతుంది. మా పిల్లలు ఇసుకలో సోనాపూర్ కడుతున్నారు. గవ్వలు, పగిలిన గాజు పెంకులు, ఎక్కడో దొరికిన ఇత్తడి బిళ్ల ఒకటి, అదే నిధి. కట్ట మీదనుంచి గోడ అవతలి పిల్లవాడు దిగి వచ్చాడు. వాళ్లమ్మ పంపిందో, తానే వచ్చాడో. కాసేపు దూరంగా నిలబడి చూశాడు. ఆట మొదలు పెట్టే వేళ మా మనుమడు తడబడుతూ, “నువ్వు భీమ్‌గా ఉంటావా?” అని అడిగాడు. ఎంత త్యాగమో నాకు తెలుసు. తన భీమ్‌ను వాడు ఇంతవరకు చెల్లెలికి కూడా ఇవ్వలేదు.

“భీమ్ వద్దు. నేను దమ్యాన్” అన్నాడు ఆ పిల్లవాడు.

మా వాడికి అర్థం కాలేదు. భీమ్ దొరుకుతుంటే చెడ్డవాడుగా ఉంటానంటాడేమిటని నా వైపు చూశాడు. నాకు అర్థమైంది. దమ్యాన్‌ను చూసి భయపడతారు, ద్వేషిస్తారు. నవ్వరు. చిన్నది మాత్రం ఈ పంపకాలేవీ పట్టించుకోక, “అయితే నేను భీమ్. లడ్డూ కూడా నేనే తింటాను” అన్నది. దాని మీద ముగ్గురికీ పెద్ద తగువు మొదలైంది. మగ్రిబ్ అజాన్ వినబడేదాకా అది తేలలేదు.